నా కోసం లేచి నిలబడ్డారు

ఫిబ్రవరి 9

పొద్దుట్నుంచీ గోడగడియారం ముళ్ళు తిప్పడమే సరిపోయింది. ఆయన పుస్తకం ముందు కూర్చుంటారు, నేను ముల్లు నాలుగు మీద పెట్టి, వీడియో తీయడానికి ఫోన్ పట్టుకుంటాను. చొక్కా మార్చుకుని వస్తే ఏడు. పక్కన టీ గ్లాసు పెట్టి తొమ్మిది. కళ్ళకింద కాస్త కాటుక పులిమి పన్నెండు. పద్నాలుగు గంటల చదువు పప్పు ఉడికేలోపు అయిపోయింది. తర్వాత ముళ్ళు సరిచేయడం మరిచిపోయి, ఎండ ఉండగానే దేవుడికి సాయంత్రం దీపం పెట్టేశాను. ఆయన పడీపడీ నవ్వారు. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఇది మోసమేమీ కాదు. ఆయన నిజంగానే చదువుతారు. నిజంగా చదివేటప్పుడు ఎవరూ చూడరు, అందుకని ఇలా చూపించాలి, అంతే. కోటాలో నీట్‌కి చదివే పిల్లలు ఇంతమంది ఉన్నారు, వాళ్ళకి ధైర్యం చెప్పడం కూడా సేవేనట. వీడియోలు పెట్టే పేజీకి ‘తెల్లకోటు కల’ అని పేరు పెట్టారు. నాది మీటల ఫోను, అందులో అవేవీ కనబడవు. ఆరో తరగతితో ఆగినదాన్ని, కనబడినా నాకేం తెలుస్తుంది.

ఆయన పాత ఫిజిక్స్ నోటుపుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. పగలంతా మాట్లాడేవాళ్ళు లేరు. రాసుకుంటే కాస్త తోచినట్టుంటుంది.

ఫిబ్రవరి 12

“డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావు?” ఈ ఊళ్ళో అందరూ అందరినీ అడిగేది ఇదే. ఆయన అద్దం ముందు నిలబడి జవాబులు చెప్పి చూసుకున్నారు. పేదలకు సేవ. ఊరికి ఆసుపత్రి. నాన్న కల.

“నమ్మేలా ఉందా?” అని అడిగారు.

“ఉందండీ.”

“నువ్వు దేనికైనా ఉందండీ అంటావు.”

పెళ్ళయిన కొత్తలో నాకు మాత్రం వేరే జవాబు చెప్పారు. తహసీలు ఆసుపత్రిలోకి డాక్టర్ రాగానే పట్వారీతో సహా అందరూ కుర్చీల్లోంచి లేచారట. మామగారు మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని అప్పటికే నిలబడి ఉన్నారట. “నన్ను చూసి కూడా అలా లేవాలి సుగ్నా” అన్నారు. ఆ జవాబే నాకు నచ్చింది.

ఫిబ్రవరి 18

కోటాలోనే, కునాడీ పేటలో కొత్త గదికి మారాం. ఇంటావిడ బిమ్లా పిన్నితో ఆయన అన్నారు: “మా అక్క మన్‌భర్. బావ సైన్యంలో ఉన్నాడు. కాన్పుదాకా ఇక్కడే ఉండి నాకు వండిపెడుతుంది.” ముసుగు కిందనుంచే ఆవిడ కాళ్ళు తాకాను.

తలుపేశాక అడిగాను, అలా ఎందుకు చెప్పారని.

“పెళ్ళయినవాడంటే ఈ వీధి కుర్రాళ్ళు బాబాయ్ అని ఏడిపిస్తారు. నాలుగోసారి రాస్తున్నాను, నీకు తెలుసుగా. పరీక్షయ్యేదాకా ఓర్చుకో.”

నిజమే. చదువుకునేవాళ్ళ మనసు చెదరకూడదు.

ఫిబ్రవరి 19

మన్‌భర్. మన్‌భర్. మన్‌భర్. పిలవగానే పలకాలి కదా.

ఫిబ్రవరి 24

పెళ్ళి ఫొటోలోంచి నన్నొక్కదాన్నే ఎప్పుడో పెద్దది చేయించి దాచారట, ఇవాళ ఆయన బల్లపైన గోడకు తగిలించారు. “చూస్తూ చదువుకుంటా” అన్నారు. సిగ్గేసి వంటవైపు పోయాను. కిటికీ దగ్గరికి వెళ్ళినా ముసుగు తీయొద్దన్నారు. నేనెప్పుడు తీశాను గనక.

బల్ల సొరుగులో గంధపుచెక్క దండ ఉంది. ఏ దేవుడికో కొన్నట్టున్నారు. దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టాను.

మార్చి 2

రాయాలా వద్దా అని పొద్దుట్నుంచీ అనుకుంటున్నాను.

ఆయన క్లాసుకెళ్ళాక ఒక పిల్ల వచ్చింది. పేరు నిభా, బీహార్ వైపు పిల్ల, ఎదురు హాస్టల్లో ఉంటుంది. పదిహేడేళ్ళుంటాయేమో. భుజాన సంచి ఆ పిల్లకంటే బరువుగా ఉంది.

“అన్న లేరా అక్కా? ఒక్క నిమిషం, వదిన ఫొటోకి దణ్ణం పెట్టుకుని పోతాను. రేపు పరీక్ష ఉంది.”

“ఏ వదిన?” అన్నాను.

“అదేంటక్కా, మీ మరదలే కదా! సుగ్నా వదిన.” ఫొటో ముందుకెళ్ళి కళ్ళు మూసుకుంది. తెరిచి, “అరే, దండేది? వీడియోలో ఉంటుందే” అంది.

నేను చూడలేదనుకుని తన ఫోన్లో చూపించింది. ఆయన తెల్లకోటు వేసుకున్నారు. వెనక నా ఫొటో, దానికి ఆ దండ. నన్ను పాలకని పంపించిన రోజు తీసుకున్నట్టున్నారు. ఆయన చెబుతున్నారు: ఆషాఢంలో వాన, రోడ్డు లేదు, ట్రాక్టర్ బురదలో దిగబడింది, నేను తోస్తూనే ఉన్నాను, ఎనిమిదో నెల, ముందు తలనొప్పి, కళ్ళముందు మెరుపులు, కాళ్ళు వాచాయి, తర్వాత నా సుగ్నా ఒళ్ళంతా మూర్ఛతో కొట్టుకుంది, తనూ బిడ్డా ఇద్దరూ నా చేతుల్లోనే పోయారు, అందుకే డాక్టర్నవుతాను. ఆయన గొంతు వణికింది. అద్దం ముందు ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు.

“ఇది నాకు నోటికొచ్చు అక్కా” అంది నిభా. “జనవరిలో నా మార్కులు మరీ పడిపోయాయి. ఇంట్లో చెప్పలేను, ఇక్కడ ఉండలేను. అప్పుడు ఇది చూశాను. అన్న అంత పోగొట్టుకుని కూడా చదువుతున్నారు, నాకేం రోగం అనుకున్నాను. ఇది లేకపోతే ఈపాటికి నేను లేను.”

లేను అంటే ఏమిటని అడగలేదు. ఈ ఊళ్ళో ఆ మాటకి అర్థం అడగరు.

రొట్టె, వెల్లుల్లి పచ్చడి పెట్టాను. “ఆడపిల్లనే కదా, నా ముందు ముసుగెందుకక్కా? మూతి కాలిందా?” అని నవ్వింది. నేనూ ముసుగులోనే నవ్వాను.

మార్చి 3

కూర మాడింది. ఆయన్ని ఏమీ అడగలేదు.

మార్చి 5

అడిగాను.

మొదట కోపం వచ్చింది ఆయనకి. తర్వాత నేల మీద కూర్చుండిపోయారు.

“మొదట ఉన్నదున్నట్టే చెప్పాను సుగ్నా. బిడ్డ పోయిందనే చెప్పాను. నాలుగొందలమంది చూశారు. పేరు కూడా పెట్టని బిడ్డకోసం ఎవరు ఏడుస్తారు? నువ్వు పోయావన్నాను. పదకొండు లక్షలమంది చూశారు. నేనేం చెయ్యను?”

“ట్రాక్టర్ మీద మీరు లేరు” అన్నాను.

“ఆరోజు ఇక్కడ క్లాసులో పరీక్ష ఉంది. నీకు తెలుసు.”

తెలుసు. మామగారు నడిపారు, అత్తగారు నా తల పట్టుకున్నారు. అందుకు నేనెప్పుడూ ఏమీ అనలేదు. ఇప్పుడూ అనలేదు.

“పరీక్ష పాసైతే అన్నీ నేనే చెప్పేస్తాను. అప్పుడు ఎవరూ ఏమీ అనరు. డాక్టర్‌ని ఎవరంటారు?” అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. ఆయన ఏడిస్తే నేను చూడలేను.

నిజానికి నాకేం పోయింది. అన్నం తింటున్నాను, నీళ్ళు పట్టుకుంటున్నాను. ఎవరో ఏదో అనుకుంటే నాకేం తగ్గింది.

మార్చి 14

ఆయన ఎగురుకుంటూ వచ్చారు. కోచింగ్‌లో సార్ వేదిక మీదికి పిలిచారట. నా కథ చెప్పించారట. హాలంతా లేచి నిలబడి మౌనం పాటించారట.

“రెండువేల మంది సుగ్నా! సూది పడినా వినబడేది. వెనక ఉన్న సార్లు కూడా లేచారు!”

ఆ టైముకి నేనేం చేస్తున్నానా అని ఆలోచించాను. ఉల్లిపాయలు తరుగుతున్నాను.

మార్చి 22

అమ్మ ఫోన్. నేను హలో అనగానే అవతల గొల్లుమంది. మా పుట్టింటి ఊళ్ళో ఎవరో ఆ వీడియో చూపించారట. మేనత్త ఉన్నపళంగా తలస్నానం చేసి, కొంగు ముఖాన కప్పుకుని శోకాలకి కూర్చుందట. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి ఒకరి కొంగు ఒకరు పట్టుకుని నా గుణాలు పాడి ఏడ్చారట. పొయ్యి వెలిగించలేదట. ఫోన్ చేసి చూద్దామని ఎవరికీ తోచలేదు, చివరికి మా నాన్నకి తోచింది.

“నీ గురించి ఎంత బాగా పాడారే” అంది అమ్మ ముక్కు చీదుతూ. “నువ్వంత మంచిదానివని నాకే తెలీదు.” ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం.

తర్వాత నాన్న ఫోన్ తీసుకున్నారు. అంతకుముందే ఆయనతో మాట్లాడారట.

“తల్లీ, అల్లుడు అంతా చెప్పాడు. పరీక్షదాకానే కదా. డాక్టర్ భార్యవైతే ఆ తర్వాత నిన్ను ఎవరు కాదంటారు? ఇప్పుడు నోరు జారి ఆయన బతుకు పాడుచెయ్యకు.”

“నేను ఊరికి వచ్చేస్తాను నాన్నా. కాన్పుకి.”

“ఇప్పుడొస్తే ఊరంతా ఫోన్లు పట్టుకుని మీదపడతారు. వద్దమ్మా. ఎక్కడున్నదానివి అక్కడే ఉండు.”

శోకాలకి కూర్చున్న ఆడవాళ్ళకి ఏం చెప్పారో అడగడం మరిచిపోయాను.

ఏప్రిల్ 6

నిభా రోజూ వస్తోంది. ఫొటోకి దణ్ణం పెట్టి, నా దగ్గర కూర్చుని, పుస్తకం తెరిచి గుండె గదుల గురించి పైకి చదువుతుంది. నాకు వినడం బాగుంటుంది. ఈరోజు మార్కులు పెరిగాయని కచోరీలు తెచ్చి, ముందు ఒకటి ఫొటో ముందు పెట్టింది. “వదినా, నీదే ఇది” అంది. నేను పక్కనే కూర్చుని రెండోది తిన్నాను.

నేను బతికే ఉన్నానని చెబితే ఈ పిల్ల ఏమవుతుంది?

ఇప్పుడు ఆయన కోసం కాదు, ఈ పిల్ల కోసం ఊరుకుంటున్నాను. ఇలా అనుకుంటే కొంచెం తేలిగ్గా ఉంది.

ఏప్రిల్ 13

ఆయన మార్కులు తగ్గాయి. ఎంతని అడగలేదు. సాయంత్రం వీడియోలో మాత్రం “పడినా లేవాలి” అని చెప్పారు. ఫోన్ మళ్ళీ నేనే పట్టుకున్నాను. స్టాండు విరిగిందట. విరగ్గొట్టినట్టుంది.

ఏప్రిల్ 20

కాళ్ళు దిమ్మెల్లా ఉన్నాయి. చెప్పులు పట్టడంలేదు. పెద్దాసుపత్రికి పరీక్ష చేయించుకోవడానికి వెళదామన్నాను. అక్కడ మందుల షాపు దగ్గర కోచింగ్ పిల్లలు ఉంటారు, ఎవరైనా ఫొటో తీస్తే అన్నారు. ఒక్కదాన్నే వెళతానంటే, దారి తెలుసా అన్నారు. తెలీదు.

బిమ్లా పిన్ని మెట్ల దగ్గర ఆపింది. “అమ్మాయ్, ఆ కాళ్ళేమిటి? నీ తమ్ముడు ఊరందరికీ డాక్టర్, ఇంట్లో కళ్ళు లేవా వాడికి?”

“చివరి నెలల్లో మామూలే పిన్నీ” అన్నాను. ఆయన చెప్పమన్న మాట.

ఏప్రిల్ 27

తలనొప్పి. దీపం చుట్టూ మెరుపులు కనిపిస్తున్నాయి. పోయినసారి కూడా ముందు ఇలాగే అయింది. ఆయనకి చెప్పాను.

“వచ్చే ఆదివారం పరీక్ష. ఒక్క వారం సుగ్నా, నీకు దణ్ణం పెడతాను” అని నిజంగానే చేతులు జోడించారు.

ఏప్రిల్ 28

గాజులు చేతిలోకి దిగబడిపోయాయి. సబ్బు రాసినా రావడంలేదు.

మే 3

ఇది ఆసుపత్రిలో రాస్తున్నాను. నోటుపుస్తకం గదిలో ఉండిపోయింది. నిభా తెల్లకాగితాలు, పెన్నూ ఇచ్చింది. ఒక ముక్క రాసి, కళ్ళు మూసుకుని, మళ్ళీ రాస్తున్నాను.

బుధవారం మధ్యాహ్నం నీళ్ళ బిందె ఎత్తబోయి పడ్డాను. నిభా గదిలోనే ఉంది. అరిచింది. ఆయన చెవులకి తీగలు పెట్టుకుని చదువుతున్నారు. లేచి వచ్చి నన్ను చూశారు, తర్వాత కిటికీలోంచి వీధిని చూశారు.

“అన్నా, ఆటో పిలవండి! ఏం చూస్తున్నారు?” అంది నిభా. బిమ్లా పిన్నే ఆటో ఆపింది. ఆయన ముఖానికి రుమాలు కట్టుకుని ఎక్కారు.

కాన్పుల విభాగం ముందు బల్ల దగ్గర ఒక నర్సు. మా వైపు ఆడదాని సంగతులన్నీ వెంట వచ్చినవాళ్ళే చెబుతారు. ముసుగులో ఉన్నదాన్ని ఎవరూ అడగరు. మొగుడి పేరు పెళ్ళాం నోటితో అనకూడదు, అది కూడా వెంట వచ్చినవాళ్ళే చెప్పాలి. వెంట వచ్చింది ఆయన.

“పేరు?”

“మన్‌భర్.”

“భర్త?”

“బద్రీలాల్. సైన్యంలో ఉన్నాడు. నేను తమ్ముణ్ణి.”

ఆ బద్రీలాల్ ఎవరో ఆయన నోట్లోంచి అప్పుడే పుట్టాడు. నా కడుపులో బిడ్డకి తండ్రి అయిపోయాడు. అదీ సహించాను. ముసుగులో నోరు మూసుకునే ఉన్నాను.

నర్సు నా చేతికి పట్టీ చుట్టి చూసి, గబగబా మాట్లాడడం మొదలుపెట్టింది. “ఎన్నో కాన్పు?”

“ఇదే మొదటిది” అన్నారు ఆయన.

“ఇంతకుముందు మూర్ఛలేమైనా?”

“లేవు.”

లేవన్నారు. గుండెకి ఎన్ని గదులో, రక్తం ఏ దారిన పోతుందో నాలుగేళ్ళుగా చదువుతున్న మనిషి లేవన్నారు. నా ఒళ్ళు మొదటిసారి ఎలా కొట్టుకుందో పదకొండు లక్షలమందికి చెప్పిన మనిషి.

“రెండోది” అన్నాను.

ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాను. “ఇది రెండోది. మొదటిది ట్రాక్టర్ మీద అయింది. ఎనిమిదో నెలలో. మూర్ఛ వచ్చింది. ఆడపిల్ల. పోయింది.”

నర్సు కలం ఆపింది. “ఎవరి మాట రాసుకోను? ఏమ్మా, నీ మొగుడి పేరేంటి?”

“లేఖరాజ్” అన్నాను. “ఈయనే.”

నాలుక కాలినట్టయింది. వరసలో ఉన్న ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఎవరో ఫోన్ పైకెత్తారు.

నిభా నా ముసుగు పైకి తీసింది. అడగకుండా తీసింది. గోడమీద రోజూ చూసే ముఖాన్ని చూసింది. తిడుతుందనుకున్నాను. అది నర్సు వైపు తిరిగి, పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పడం మొదలుపెట్టింది. “ముందు తలనొప్పి వచ్చింది. కళ్ళముందు మెరుపులు. కాళ్ళు వాచాయి. తర్వాత మూర్ఛ. అంతా వీడియోలో ఉంది మేడమ్, నాకు నోటికొచ్చు. ఈమె సుగ్నా. ఈమె చచ్చిపోలేదు.”

“చచ్చిపోలేదు, కనబడుతోందిలే. ముందు తోవ వదులు” అంది నర్సు. నన్ను పడుకోబెట్టిన చక్రాల బండి పరుగెత్తింది.

మూర్ఛ బండి మీదే వచ్చిందట. మందు అప్పటికే సిద్ధంగా పెట్టుకున్నారట. పెట్టుకోకపోతే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పబోయి ఊరుకుంది.

కడుపు కోసి తీశారు. ఆడపిల్ల. పిడికెడు ఉంది. గాజుపెట్టెలో పెట్టారు. ఊపిరి తీస్తోంది.

మే 4, ఆదివారం

పొద్దున పాపకి నాలుగు చుక్కలు పట్టించారు. మింగింది.

పేజీలో జనం ఆయన్ని తిట్టిపోస్తున్నారని ఆయా చెప్పింది. కొందరు నన్నూ తిడుతున్నారట, బతికి ఉన్నందుకు. ఆయన ఈరోజు పరీక్ష రాశారు. కూడదీసుకుని రాశారో లేదో తెలీదు. రాయాలనే దేవుణ్ణి అడిగాను. అలవాటు.

సాయంత్రం నిభా పరీక్షనుంచి నేరుగా వచ్చింది. మంచం చివర నిలబడింది. నాకు భయం వేసింది.

“ఎలా రాశావు?”

“తెలీదు అక్కా. ఈసారి వదిన ఫొటో తలుచుకుందామనుకున్నాను. కుదరలేదు.” ఏడుస్తుందా, తిడుతుందా అని చూస్తున్నాను. “నీమీద నాకు చాలా కోపంగా ఉంది. ఆ కచోరీ కూడా నువ్వే తినుంటావు.”

“ఫొటో ముందు పెట్టావే, అదా? తిన్నాను. నువ్వెళ్ళాక.”

“సిగ్గులేదు నీకు” అని మంచం అంచున కూర్చుంది. నవ్వు లాంటిదేదో వచ్చి పోయింది. ఊరికి వెళ్ళిపోతుందట, రేపటి బండికి. వాళ్ళమ్మకి ఫోన్ చేసి మార్కుల సంగతి అంతా చెప్పేసిందట. “అరిచింది. తర్వాత ఏ బోగీ అని అడిగింది” అంది.

“అయితే ట్రాక్టర్ మీది ఆ పాప నిజమేనా?” అంది.

“నిజమే.”

“ఎత్తుకున్నావా?”

ఇన్నాళ్ళలో ఎవరూ అడగలేదు. అమ్మ కూడా అడగలేదు. ఎత్తుకున్నానని చెప్పాను. అత్తగారి కొంగులో చుట్టి ఇచ్చారని, వానకి తడవకుండా నా మీదికి వంగి పట్టుకున్నానని, జుట్టు దట్టంగా ఉందని, చెవి మీద చిన్న మడత ఉందని. నిభా ఫోన్ సంచిలోనే ఉంది. తీయలేదు. వింది.

అది వెళ్ళాక ఆయా వచ్చింది. ఈ వార్డులోకి మగవాళ్ళని రానివ్వరు. ఆయన బయట వరండాలో ఉన్నారట.

“మీ ఆయన తన ఫోన్ ఇచ్చి, పాప వీడియో తీసి పంపమంటున్నాడమ్మా. చిన్నదే చాలంట. గాజుపెట్టె దగ్గరికి తల్లిని ఒక్కదాన్నే కదా రానిస్తాం. అది చూస్తే జనం క్షమించేస్తారంట.”

“చూడ్డానికా, చూపించడానికా అని అడుగు” అన్నాను. “చూడ్డానికైతే డాక్టరమ్మని నేను బతిమాలతాను, అద్దం బయటినుంచి చూడనిస్తారు. వచ్చి చూడమను.”

ఆయా వెళ్ళింది. నేను తలుపు వైపే చూస్తున్నాను. ఆయన వస్తారనే అనుకున్నాను. ఇప్పటికీ అలా అనుకోగలిగాను, చూడండి. జుట్టు కూడా సరిచేసుకున్నాను.

ఆయా తిరిగొచ్చింది.

“ఏమన్నారు?”

“ముఖం పడకపోయినా ఫరవాలేదంట అమ్మా. చెయ్యి చాలంట.”

పాలు పట్టే వేళయిందని పిలుస్తున్నారు. గోడ పట్టుకుని నడవాలి. వెళుతున్నాను.